నల్లబడిన అరటిపళ్లతో పాన్‌కేకులు: ఆదివారం పొద్దున్న ఇంటిల్లిపాదికీ

మార్గశిర గురువారాలు వచ్చాయంటే మా ఇంట్లో అరటిపళ్లకు లెక్కుండదు. మన విశాఖ బురుజుపేట వెళ్లి కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకొచ్చిన చుట్టాలు, పక్క ఫ్లాటు వాళ్లు తలా రెండు పళ్లు చేతిలో పెడతారు. మా అమ్మ తెచ్చుకున్నవి ఎలాగూ ఉంటాయి. శనివారం రాత్రికి బుట్టలో పదో పన్నెండో పళ్లు ఒళ్లంతా నల్ల మచ్చలతో మిగులుతాయి. ప్రసాదం కాబట్టి పారేయడానికి చెయ్యి రాదు. పిల్లలకిస్తే ‘మెత్తగా ఉంది నాన్నా’ అని ముఖం తిప్పేసుకుంటారు.

పండగలు లేకపోయినా ఇదే కథ. రైతుబజారులో డజను తీసుకుంటే చవక అనిపిస్తుంది, తీసుకుంటాం. మన ఊరి ఉక్కకి, సోమవారం పసుపుపచ్చగా నవనవలాడిన చక్కెరకేళి గురువారానికి తొక్క పల్చబడి, తొడిమ దగ్గర ఊడిపోయి ఉంటుంది. అలాంటి పళ్లకి నేను కనిపెట్టుకున్న దారి ఆదివారం పాన్‌కేకులు. మొదటిసారి చేసినప్పుడు మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, ‘ఏట్రా, అట్టుని అట్టనడానికి నామోషీ ఏట్రా నీకు?’ అంది. నిజానికి తేడా పెద్దగా లేదు. బెల్లం అట్టు వేయడం వచ్చిన వాళ్లకి ఇదీ వస్తుంది. కాకపోతే కొంచెం మందంగా, చిన్నగా, సోడాతో పొంగేలా వేస్తాం.

ఇందులో నేను రెండేళ్లు చేసిన తప్పు చెప్తాను. మామూలు పాన్‌కేకు కొలతలు తీసుకుని, అందులో పండు అదనంగా కలిపేవాణ్ణి. పైన మాడేది, లోపల పచ్చిగా జావలా ఉండేది. పండు రుచి కోసం మాత్రమే పడుతోందనుకోవడం నా పొరపాటు. బాగా మగ్గిన పండంటే సగం చక్కెర పాకం కిందే లెక్క. పచ్చి అరటికాయ గుజ్జులో దాదాపు ఐదో వంతు పిండిపదార్థమే. పండు పూర్తిగా మగ్గేసరికి ఆ పిండిపదార్థం దాదాపు అంతా చక్కెరగా మారిపోతుంది. దానికి తోడు పండు బరువులో మూడొంతులు నీళ్లు. అందుకని పండు నల్లబడేకొద్దీ మూడు పనులు చేయాలి: పంచదార మానేయాలి, పాలు తగ్గించాలి, మంట తగ్గించాలి. కింద చెప్పేవన్నీ ఈ మూడింటి చుట్టూ తిరిగేవే.

ఏ పండు, ఎంత మగ్గింది

తొక్క సగానికి పైగా మచ్చలు పడి, నొక్కితే వేలు దిగేంత మెత్తబడ్డ పండు దీనికి సరైనది. తొక్క మొత్తం నల్లబడినా ఫర్వాలేదు, వలిచి చూడండి. గుజ్జు మీగడ రంగులోనో, లేత గోధుమ రంగులోనో ఉండి తియ్యటి వాసన వస్తే వాడొచ్చు. పులిసిన కల్లు వాసన వచ్చినా, తొక్క చిట్లి రసం కారుతున్నా, తొడిమ దగ్గరో లోపలో బూజు కనిపించినా మొక్కల కుండీలోకే. బూజు పట్టిన ముక్క కోసేసి మిగతాది వాడటం వద్దు. మెత్తటి పండులో బూజు కంటికి కనిపించిన చోటే ఆగదు.

ఫ్రిజ్‌లో పెట్టిన పండు తొక్క ఒక్క రాత్రిలో నల్లబడుతుంది. అది మగ్గినట్టు కాదు, చలికి తొక్క దెబ్బతిన్నట్టు. లోపల పండు ఇంకా గట్టిగా, చప్పగా ఉండొచ్చు. అలాంటి పండు చూసి మోసపోకండి, రంగు కంటే మెత్తదనమే నమ్మకమైన గుర్తు.

మనకి దొరికే రకాల్లో దేని తీరు దానిదే. చక్కెరకేళి తీపి ఎక్కువ, గుజ్జు వెన్నలా నలుగుతుంది. నా ఓటు దానికే. కర్పూరం పండులో చిన్న పులుపుంటుంది, సోడాతో బాగా పొంగుతుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. అమృతపాణి వాసన ఇల్లంతా నిండుతుంది గానీ, ఒక్కోసారి గుజ్జులో గట్టి గడ్డలు తగులుతాయి. నలిపేటప్పుడు చేతికి తగిలిన గడ్డ తీసేయండి, అది పెనం మీద కూడా మెత్తబడదు. పెద్ద పచ్చ అరటిపండు నీరెక్కువ, వాసన తక్కువ. అదే ఉంటే యాలకులు ఒకటి ఎక్కువ వేయండి.

పళ్లు ఇంకా మగ్గలేదు, ఆదివారం మాత్రం రేపే అనుకుంటే, కాగితం సంచిలో ఒక ఆపిల్‌తో కలిపి మూతి మడిచి పెట్టండి. పళ్లు వదిలే ఇథిలిన్ వాయువే వాటిని మగ్గిస్తుంది. సంచిలో అది బయటికి పోదు కాబట్టి పని తొందరగా అవుతుంది.

కొలతలు

నలుగురికి, తలా మూడు చొప్పున పన్నెండు వస్తాయి. కప్పంటే 240 మిల్లీలీటర్లు. కొలిచే కప్పు లేకపోతే ఇంట్లో ఏదో ఒక కప్పు పట్టుకుని అన్నీ దాంతోనే కొలవండి. పిండి స్టీలు గ్లాసుతో, పెరుగు కాఫీ కప్పుతో కొలిచి తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

- నలిపిన అరటిపండు గుజ్జు: 1 కప్పు (చక్కెరకేళివైతే మూడు నాలుగు, పెద్ద పచ్చ అరటివైతే రెండు)
- గోధుమపిండి: 1 కప్పు
- చోడిపిండి: పావు కప్పు
- చిలికిన పెరుగు: అర కప్పు
- గుడ్డు: 1
- వంటసోడా: పావు టీస్పూను
- బేకింగ్ పౌడరు: 1 టీస్పూను
- ఉప్పు: పావు టీస్పూను
- యాలకులు: రెండు, దంచినవి
- నెయ్యి: పిండిలోకి 2 టీస్పూన్లు, పెనానికి వేరే
- పాలు: రెండు మూడు టేబుల్‌స్పూన్లు, అవసరమైతేనే

చోడి అంటే మిగతా జిల్లాల వాళ్లు రాగులనేవే. పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి వెళ్లిన తాతల మనవలం, ఆ పిండి ఇంట్లో లేకుండా ఎలా ఉంటుంది? కాల్షియం కోసం మంచిదే, దానికి మించి కాల్చిన చోడికి ఉండే వాసన అరటిపండుతో జోడీ కుదురుతుంది. అయితే పావు కప్పు దాటించకండి. చోడిపిండిలో గోధుమకున్న సాగుడు లేదు, ఎక్కువైతే తిప్పేటప్పుడు విరిగి ముక్కలవుతుంది. మైదాతో చేస్తే మెత్తగా వస్తాయి, కాదనను. కానీ ఇంత తియ్యటి పండుకి మైదా కూడా తోడైతే అది టిఫిన్ కాదు, మిఠాయి.

పంచదార, బెల్లం లిస్టులో లేవని గమనించే ఉంటారు. మర్చిపోలేదు, అక్కర్లేదు. తీపి చాలదనిపిస్తే ఉప్పు వేశారో లేదో చూసుకోండి. ఆ చిటికెడు ఉప్పుతోనే పండు తీపి పైకి తేలుతుంది.

కలపడం

ముందు పళ్లు. మిక్సీ జోలికి పోవద్దు. అందులో గుజ్జు జిగటగా మారి, అట్టు రబ్బరులా సాగుతుంది. వెడల్పాటి పళ్లెంలో వేసి పప్పుగుత్తితోనో, ఫోర్కుతోనో నలపండి. బఠాణీ గింజంత ముక్కలు అక్కడక్కడ మిగిలితే వదిలేయండి. పెనానికి తగిలిన చోట ఆ ముక్కే పాకంలా ఎర్రబడుతుంది, తినేటప్పుడు పిల్లలు వెతుక్కునేది దాన్నే. ఈ పని మా ఇంట్లో చిన్నదానిది. చేతులు కడుక్కుని పిడికిళ్లతో నలుపుతుంది, పళ్లెంలో పండు కొంత, మోచేతుల మీద కొంత.

గుజ్జులో పెరుగు, గుడ్డు, కరిగిన నెయ్యి, యాలకులు వేసి కలపండి. వేరే గిన్నెలో గోధుమపిండి, చోడిపిండి, ఉప్పు, సోడా, బేకింగ్ పౌడరు కలిపి ఒకసారి జల్లించండి. జల్లించడం బద్ధకమైతే సోడా ఉండల్ని కనీసం వేళ్లతో చిదమండి. సోడా ఉండ పంటికింద పడితే ఆ రోజుకి పాన్‌కేకుల మీద విరక్తి పుడుతుంది.

ఇప్పుడు పొడి పిండిని తడి గుజ్జులో పోసి గరిటెతో పది పన్నెండుసార్లు తిప్పండి, అంతే. ఇక్కడే మన చేతివాటం అడ్డొస్తుంది. చిన్నప్పటి నుంచీ దోసె పిండినీ గారె పిండినీ చేత్తో బాగా గిలకొట్టడం చూసిన వాళ్లం, ఉండలు కనిపిస్తే ఊరుకోలేం. గోధుమపిండిని ఎంత తిప్పితే దానిలోని గ్లూటెన్ అనే జిగురు అంత సాగి గట్టిపడుతుంది. పొడి పిండి కనిపించకుండా ఉంటే చాలు, చిన్న చిన్న ఉండలు పెనం మీద సర్దుకుంటాయి.

మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. గోధుమపిండిలో తవుడుంటుంది, అది నీరు పీల్చుకోవడానికి ఆ టైం కావాలి. పది నిమిషాల తర్వాత గరిటెతో ఎత్తి పోయండి. ఇడ్లీ పిండిలా ముద్దముద్దగా జారాలి. దోసె పిండిలా తీగలా కారితే పల్చనైనట్టు, ఒక చెంచా గోధుమపిండి చల్లి రెండు తిప్పులు తిప్పండి. గరిటెకి అంటుకుని కదలకపోతే అప్పుడు పాలు, అదీ ఒక్కో టేబుల్‌స్పూను చొప్పున. పండుని బట్టి నీరు మారుతుంది కాబట్టి పాలు ముందే పోసుకోవద్దు. అరగంటకి మించి నానబెట్టినా పనికిరాదు. పెరుగు తగిలిన సోడా అప్పటికే బుడగలు వదలడం మొదలుపెట్టి ఉంటుంది, ఆ బుడగలు గిన్నెలో కాదు, పెనం మీద కావాలి.

పెనం మీద

దోసెలు పోసే ఇనప పెనం బాగుంటుంది గానీ, దాన్ని రోజూ ఉల్లిపాయ చెక్కతో రుద్దుతాం కదా, ఆ వాసన తీపి అట్టుకి పడుతుంది. మొన్నటి మసాలా దోసె తాలూకు ఘుమఘుమ అరటిపండులో వస్తే ఎలా ఉంటుందో నాకు అనుభవమే. ముందు వేడినీళ్లతో కడిగి, తుడిచి, నేతిలో ముంచిన గుడ్డ ముక్కతో రుద్దండి. నాన్‌స్టిక్ అయితే ఈ బాధ లేదు.

మధ్యస్థం కంటే కొంచెం తక్కువ మంట మీద పెనం మూడు నాలుగు నిమిషాలు కాగనివ్వండి. నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి. చుయ్యిమని ఒక క్షణంలో ఆవిరైతే సరిగ్గా ఉంది. ముత్యాల్లా గుండ్రంగా మారి పెనమంతా పరిగెడితే మరీ వేడెక్కింది. దోసెకి పనికొచ్చే ఆ వేడి దీనికి శత్రువు, పండులోని చక్కెర అర నిమిషంలో నల్లబడుతుంది. మంట తగ్గించి ఒక నిమిషం ఆగండి.

అర టీస్పూను నెయ్యి రాసి, చిన్న గరిటెడు పిండి పోయండి. దోసెలా తిప్పొద్దు, ఉన్నచోటే అరచేతి వెడల్పుకి అదే పరుచుకుంటుంది. పెద్ద పెనమైతే మూడు, మధ్యలో రెండు వేళ్ల ఎడం ఉంచి. పెద్దవి వేయాలన్న ఆశ మానుకోండి. పండున్న అట్టు మెత్తన, అట్లకాడ మీద నిలవదు, తిప్పేటప్పుడు సగం గాల్లో, సగం పెనం మీద మిగులుతుంది.

ఇప్పుడు చూడాల్సింది అంచులు. పోసిన వెంటనే పైభాగమంతా తడిగా మెరుస్తుంటుంది. నిమిషం తిరక్కుండా మధ్యలో ఒకటీ రెండూ బుడగలొచ్చి పూడుకుపోతాయి, అవి లెక్కలోకి రావు. రెండు నిమిషాలు దాటాక అంచు చుట్టూ వేలెడు వెడల్పున మెరుపు పోయి మందబారుతుంది, అంచు దగ్గర పగిలిన బుడగ గుంట పూడకుండా అలాగే ఉండిపోతుంది. అప్పుడు అట్లకాడ కిందికి దూర్చి చూస్తే అడ్డం లేకుండా జారుతుంది, అడుగు బాదంపప్పు తొక్క రంగులో ఉంటుంది. ఆ క్షణంలో తిప్పండి, ఒక్కసారే. రెండో వైపు ఒకటి, ఒకటిన్నర నిమిషం చాలు. తిప్పాక అట్లకాడతో నొక్కడం చాలామందికి అలవాటు. నొక్కితే లోపలి గాలంతా పోయి రొట్టె అవుతుంది.

మొదటి దోసె కుదరదన్నట్టే మొదటి వాయి కూడా అంత బాగా రాదు. దాన్ని చూసి మంట సరిచేసుకోండి. ఎర్రగా అయి లోపల పచ్చిగా ఉంటే మంట ఎక్కువ. అయిదు నిమిషాలైనా పాలిపోయి ఉంటే తక్కువ. వాయికీ వాయికీ మధ్య పెనాన్ని గుడ్డతో తుడవండి, లేకపోతే అడుగున మిగిలిన పండు మాడి తర్వాతి వాటికి చేదు పట్టిస్తుంది.

అయినవి ఒకదాని మీద ఒకటి పేర్చితే ఫోటోకి బాగుంటుంది, తినడానికి కాదు. కింద ఉన్నవి ఆవిరికి చెమట పట్టి మెత్తబడతాయి. జల్లెడ బోర్లించి దాని మీద విడివిడిగా పెట్టండి.

గుడ్డు తినని రోజుల్లో

కార్తీకం, శ్రావణ శుక్రవారాలు, అమ్మ ఉపవాసాలు. మా ఇంట్లో ఏడాదిలో మూడో వంతు గుడ్డు లేకుండానే. అప్పుడు ఒక టేబుల్‌స్పూను అవిసెగింజల పొడిని మూడు టేబుల్‌స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, జిగురయ్యాక గుడ్డు బదులు కలుపుతాను. అది లేకపోతే పెరుగు ఇంకో రెండు టేబుల్‌స్పూన్లు. ఎత్తు కొంచెం తగ్గుతుంది, రుచిలో తేడా తెలియదు.

పాలు, పెరుగు కూడా లేకుండా చేయడం మాకు తుపాను నేర్పింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీద పడ్డప్పుడు మా వీధిలో చెట్టన్నది మిగల్లేదు. కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు, పాల ప్యాకెట్ దొరకడం గగనమైపోయింది. పెరట్లో అరటిచెట్టు గెలతో సహా ఒరిగిపోతే, ఆ గెలని తెచ్చి వంటింటి మూల ఆనించాం. వారం తిరిగేసరికి కాయలన్నీ ఒక్కసారిగా మగ్గిపోయాయి. గ్యాస్ సిలిండరుంది, గోధుమపిండుంది, నిమ్మకాయలున్నాయి. కొవ్వొత్తి వెలుతురులో అమ్మ వేసిన ఆ అట్ల కొలత ఇప్పటికీ పనికొస్తుంది: గోధుమపిండి కప్పుంబావు, పండు గుజ్జు కప్పుంబావు, నీళ్లు అర కప్పు, నిమ్మరసం ఒక టేబుల్‌స్పూను, వంటసోడా అర టీస్పూను, నూనె ఒక టేబుల్‌స్పూను, ఉప్పు. బేకింగ్ పౌడరు లేదు. నిమ్మరసం పులుపే సోడాని పొంగిస్తుంది. నిమ్మరసం పిండిలో పడ్డాక ఇక ఆగకుండా పెనం మీద పోసేయాలి, నానబెట్టే మాటే లేదు.

పైన ఏం వేసుకోవాలి

వేడి మీద పూసంత వెన్న, అంతే నాకు. పిల్లలకి పాకం కావాలంటే అనకాపల్లి బెల్లం పావు కప్పు, నీళ్లు మూడు టేబుల్‌స్పూన్లు సన్నటి మంట మీద కరిగించి వడకట్టండి. తీగపాకం వచ్చేదాకా ఉంచొద్దు, చల్లారితే గట్టిపడుతుంది. తేనె ఇష్టమైతే గిరిజన సహకార సంస్థ తేనె ఊళ్లో సులువుగానే దొరుకుతుంది. వేయించిన పల్లీలు కచ్చాపచ్చాగా దంచి చల్లితే మెత్తటి అట్టుకి కరకరలాడే తోడు, పిల్లల కడుపు కూడా మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. మా అమ్మ మాత్రం ఆవకాయ ఊటతో తింటుంది. మొదట నవ్వాను, తర్వాత తిన్నాను, ఇప్పుడు నేనూ అంతే.

ఏడాది నిండని పిల్లలకి తేనె ఒక్క చుక్క కూడా నాకించొద్దు. అందులో ఉండగల, బాటులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు పసివాళ్ల పేగుల్లో విషం పుట్టిస్తాయి. పుట్టగానే తేనె నాకించే ఆచారమున్న ఇళ్లల్లోనూ ఈ మాట గట్టిగా చెప్పాల్సిందే. ఆరు నెలలు దాటి ఘనాహారం మొదలుపెట్టిన పిల్లలకైతే ఉప్పు, సోడా లేకుండా పల్చగా ఒకటి వేసి, చిన్న ముక్కలు తుంపి పెట్టొచ్చు. గుడ్డు, గోధుమ, పల్లీ ఇంతకుముందు తినకపోతే ఒక్కోదాన్ని విడిగా, కొద్దిగా పెట్టి చూశాకే. పల్లీ మాత్రం మెత్తటి పొడిగానే కలపాలి, పలుకులు గొంతుకడ్డం పడతాయి.

షుగరున్న పెద్దవాళ్ల సంగతి వేరు. పంచదార వేయలేదు, చోడి వేశాం అని ధైర్యంగా అరడజను లాగించేస్తారు. నల్లబడిన పండు చక్కెర రక్తంలో తొందరగా కలుస్తుంది, చోడి దాన్ని ఆపలేదు. మా నాన్నకి ఒక్కటి, పక్కన గుడ్డు అట్టు, పైన పాకం లేదు. ఆయన గొణుగుడు ఆయనది.

మిగిలితే

పిండి మర్నాటికి దాచొద్దు, నల్లబడి చప్పబడుతుంది. మొత్తం కాల్చేసి అట్లనే దాచండి. పూర్తిగా చల్లారాక మూతున్న డబ్బాలో ఫ్రిజ్‌లో రెండు రోజులు. ఫ్రీజరులో అయితే మధ్యమధ్య బటర్ పేపరు ముక్కలు పెట్టి నెల దాకా. తినేముందు ఉత్త పెనం మీద సన్నటి మంటకి రెండు వైపులా అర నిమిషం. మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతాయి. లంచ్‌బాక్సులో వేడివి పెట్టి మూత బిగిస్తే ఇంటర్వెల్ సరికి తడిసి ముద్దవుతాయి, పావుగంట ఆరనివ్వండి.

పళ్లే మరీ ఎక్కువ మిగిలితే, నల్లబడ్డ రోజే తొక్క తీసి, ముక్కలు చేసి, పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్రీజరులో పెట్టండి. గట్టిపడ్డాక కవరులో వేసి మూతి కట్టేస్తే రెండు నెలలు వాడుకోవచ్చు. కరిగేటప్పుడు అడుగున గోధుమరంగు నీరు దిగుతుంది. దాన్ని పారబోయకండి, తీపంతా అందులోనే. గుజ్జుతో కలిపి కప్పు కొలవండి, పాలు మాత్రం ఆ రోజుకి పూర్తిగా మానేయండి.